కార్డు ముక్కను సరిహద్దులు దాటించిన స్టెఫాన్

నాలుగు వాక్యాలు రాసిన కార్డు ముక్క ఒకటి జపానులోని ఒక పల్లె నుండి బయలుదేరి, సముద్రాలు దాటి, బ్రెజిల్‌లోని ఒక ఇంటి గుమ్మం చేరుతుంది. పంపినవాడు బిళ్ళ కొన్నది తన దేశపు తపాలా శాఖ వద్ద మాత్రమే. దారిలో ఏ దేశమూ ఆ కార్డును ఆపి తన వాటా అడగదు. దేశదేశాల చిత్రపు కార్డులను ఇచ్చిపుచ్చుకొని పోగుచేసే అభిరుచి గలవారికి ఇది అతి సహజంగా తోచవచ్చు. కాని 1860ల నాటికి ఇటువంటి ఏర్పాటు లేదు. దానిని సాధించినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశపు తపాలా అధిపతి హైన్రిక్ ఫాన్ స్టెఫాన్.

1831 జనవరి 7న, బాల్టిక్ సముద్రానికి చేరువలో, ప్రష్యా రాజ్యంలోని పొమెరేనియా ప్రాంతపు స్టోల్ప్ పట్టణంలో ఆయన జన్మించాడు. తండ్రి దర్జీ. సంపన్నుల కుటుంబం కాదు, పెద్దల అండ లేదు. 1848లో, పదిహేడేళ్ళ వయసులో, సొంత ఊరి తపాలా కార్యాలయంలోనే చిన్న ఉద్యోగిగా చేరాడు. పని చేస్తూనే అనేక భాషలు నేర్చుకున్నాడు. ఊరి నుండి ఊరికి బదిలీ అవుతూ, బెర్లిన్‌లోని ప్రధాన కార్యాలయం దాకా ఎదిగాడు. ప్రష్యా తపాలా చరిత్రను గ్రంథంగా రచించి 1859లో ప్రచురించే నాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

ఆనాటి జర్మన్ ప్రాంతాలు అనేక రాజ్యాలుగా చీలి ఉండేవి. ఎవరి తపాలా వారిది, ఎవరి ధరలు వారివి. ఇది చాలదన్నట్లు, కొన్ని రాజ్యాలలో తపాలా నడిపే హక్కు శతాబ్దాలుగా థుర్న్ టాక్సిస్ అనే ఒక రాజకుటుంబం చేతిలో ఉండేది. మన ప్రాంతాల వారికి దీనిని ఊహించుకోవడం కష్టం కాదు. మైసూరు సంస్థానపు సొంత తపాలా అయిన 'అంచె' 1889లో గాని బ్రిటిషు ఇండియా తపాలాలో కలవలేదు. నైజాం రాజ్యపు తపాలా 1950 వరకు వేరుగానే నడిచింది. కన్నడంలో తపాలాకు నేటికీ అంచె అనే పేరు. తెలుగువారు 'అంచెలంచెలుగా' అనేటప్పుడు వినిపించేదీ ఆ మాటే.

ఉత్తరం దేశం దాటవలసి వస్తే చిక్కు ఇంకా పెరిగేది. బయలుదేరిన దేశం కొంత, దారిలోని ప్రతి దేశం కొంత, చేరిన దేశం కొంత రుసుము లెక్కకట్టేవి. ఒకే ఊరికి రెండు దారులుంటే రెండు ధరలుండేవి. తూకపు కొలతలు సైతం దేశానికొక తీరు. గుమాస్తాల కాలం ఈ లెక్కలతోనే గడిచేది. కిటికీ వెనుక కూర్చొని పని నేర్చినవాడు గనుక ఈ చిక్కు స్టెఫాన్‌కు బాగా తెలుసు.

1865లో కార్ల్స్‌రూహె నగరంలో జర్మన్ తపాలా ప్రతినిధుల సమావేశం జరిగింది. అక్కడ ఆయన ఒక చిన్న ప్రతిపాదన తెచ్చాడు. క్లుప్తమైన కబురు పంపడానికి కవరు అక్కరలేదు. ముందుగానే బిళ్ళ ముద్రించిన ఒక దళసరి కాగితం చాలు అని దాని సారాంశం. సమావేశం దానిని అంగీకరించలేదు. చవక కాగితం వస్తే ఉత్తరాల రాబడి పడిపోతుందని అధికారుల భయం. సొంత మాటలను పనివాళ్ళు సైతం చదివేస్తారన్న సంకోచం కూడా ఆనాటి సంపన్న గృహాలలో ఉండేది. ఈలోగా ఆస్ట్రియాలో ఎమాన్యుయేల్ హెర్మన్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు 1869 జనవరిలో పత్రికలో ఇదే ఆలోచనను వివరించాడు. అక్కడి ప్రభుత్వం జాప్యం చేయలేదు. 1869 అక్టోబరు 1న ప్రపంచంలోనే తొలి అధికారిక పోస్టుకార్డు ఆస్ట్రియాలో వెలువడి, మూడు నెలలలో సుమారు 30 లక్షలు అమ్ముడైంది. మొదట తలచినవాడికి దక్కవలసిన కీర్తి ఇంకొకరికి పోయింది. అయినా స్టెఫాన్ ఆ వాదులాటలో చిక్కుకోలేదు. అంతకంటె పెద్ద పని ఆయన మనసులో ఉంది.

థుర్న్ టాక్సిస్ కుటుంబపు తపాలాను ప్రష్యా స్వాధీనం చేసుకొనే వ్యవహారాన్ని 1867లో నడిపించినది ఆయనే. 30 లక్షల థాలర్ల పరిహారంతో ఆ పురాతన హక్కు ముగిసింది. 1870లో ఆయన ఉత్తర జర్మన్ సమాఖ్య తపాలాకు అధిపతి అయ్యాడు. పదవి చేతికి రాగానే చేసిన తొలి పనులలో పోస్టుకార్డు ఒకటి. 1870 జూన్ 25న బెర్లిన్‌లో మొదటిరోజునే 45,468 కార్డులు అమ్ముడయ్యాయి. మరుసటి నెలలో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. శిబిరాలలోని సైనికులు తాము బ్రతికే ఉన్నామని ఇంటికి తెలిపింది ఈ కార్డుల మీదనే. రాబడి గురించి భయపడినవారికి ఇక వాదించడానికి ఏమీ మిగలలేదు.

దేశాలన్నిటికీ ఒకే తపాలా ఒప్పందం ఉండాలని స్టెఫాన్ 1868లోనే పథకం రాశాడు. యుద్ధం దానిని వెనుకకు నెట్టింది. చివరకు స్విట్జర్లాండు ఆహ్వానం మీద 1874 సెప్టెంబరు 15న బెర్న్ నగరంలో ప్రతినిధులు సమావేశమయ్యారు. అక్టోబరు 9న ఒప్పందం కుదిరింది. 22 దేశాలు అందులో చేరాయి. యుద్ధపు గాయం మానని ఫ్రాన్సు మాత్రం కొన్ని నెలలు ఆగి, 1875లో సంతకం చేసింది. సభ్యదేశాలన్నీ తపాలా విషయంలో ఒకే భూభాగమని ఒప్పందం ప్రకటించింది. పదిహేను గ్రాముల ఉత్తరానికి సాధారణ ధర 25 సాంటీములు, కార్డుకు అందులో సగం. వసూలైన డబ్బు వసూలు చేసిన దేశానికే. వెళ్ళిన ఉత్తరానికి జవాబు రాక మానదు గనుక లాభనష్టాలు సరిపోతాయన్నది దీని వెనుక ఉన్న లెక్క. ఎంత సులువైన లెక్క! కాని దానిని ఒప్పించడానికి ఇన్ని సంవత్సరాలు పట్టింది.

భారతదేశం 1876 జూలై 1న ఈ సంఘంలో చేరింది. సరిగ్గా మూడేళ్ళకు, 1879 జూలై 1న, పావు అణా పోస్టుకార్డు మన దేశంలో ప్రవేశించింది. 1878లో పారిస్ సమావేశం సంఘానికి ప్రపంచ తపాలా సమాఖ్య అని పేరు మార్చింది. నాలుగేళ్ళ క్రితం సంతకానికి వెనుకాడిన దేశపు రాజధానిలోనే ఇది జరిగింది.

ఇంటి నుండి కదలకుండా లోకాన్ని చూసే వినోదం అటుపిమ్మట పెరిగింది. చిత్రపు కార్డులు వచ్చాక, ఏనాడూ కలుసుకోని మనుషులు దేశాంతరాల నుండి కార్డులు మార్చుకోసాగారు. ఆ తొలినాటి కార్డులలో రాత బొమ్మ అంచున ఇరుకిరుకుగా కనిపిస్తుంది. వెనుకవైపంతా చిరునామాకే అన్న నియమం అందుకు కారణం. వెనుకవైపును రెండుగా పంచి కబురుకు చోటిచ్చిన దేశాలలో మొదటిది బ్రిటన్, 1902లో. అమెరికా 1907లో ఇచ్చింది. 2005లో పోర్చుగల్‌లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్ అనే కార్డుల మార్పిడి నడిచేదీ బెర్న్ ఒప్పందం పరచిన బాట మీదనే.

స్టెఫాన్‌కు భాషాభిమానం మెండు. తపాలాలో వాడుకలో ఉన్న ఫ్రెంచి మాటలను వందల సంఖ్యలో తొలగించి జర్మన్ పదాలు పెట్టాడు. 1877లో టెలిఫోనును జర్మన్ తపాలాలో ప్రవేశపెట్టి, దానికి 'ఫెర్న్‌ష్ప్రెహర్', అంటే దూరం నుండి మాట్లాడేది, అనే పేరు ప్రచారం చేశాడు. తమిళంలోని 'తొలైపేసి'కి సరిగ్గా అదే అర్థం. తెలుగు, కన్నడాలలోని 'దూరవాణి' దానికి చుట్టమే. ప్రపంచాన్నంతటినీ కలిపిన మనిషి ఇంటి భాషలోకి పరాయి మాట రానీయకపోవడం వింతగా తోస్తుంది. నాలుగు భాషల సందున బ్రతికే వారికి ఆ పట్టుదల కొంత అతిగానూ అనిపించవచ్చు.

1872లో బెర్లిన్‌లో ఆయన నెలకొల్పిన తపాలా ప్రదర్శనశాల నేటికీ వేరు పేరుతో నడుస్తున్నది. 1885లో ప్రభుత్వం ఆయనకు ప్రభువంశ బిరుదు ఇచ్చింది. పేరులోని 'ఫాన్' అప్పుడు చేరినదే. 1897 ఏప్రిల్ 8న బెర్లిన్‌లో కన్నుమూశాడు. మరుసటి నెలలోనే ప్రపంచ తపాలా సమాఖ్య ప్రతినిధులు వాషింగ్టన్‌లో సమావేశమయ్యారు.

ఒప్పందం కుదిరిన బెర్న్ నగరంలో 1909లో ఒక స్మారకం వెలసింది. భూగోళం చుట్టూ ఐదు ఖండాలు ఐదుగురు మూర్తులుగా ఉత్తరాలు చేతులు మార్చుకుంటూ ఉంటాయి. 1969 నుండి అక్టోబరు 9 ప్రపంచ తపాలా దినం. ఇక స్టెఫాన్ పుట్టిన స్టోల్ప్ రెండవ ప్రపంచయుద్ధం తరువాత, 1945లో, పోలండులో చేరి స్వూప్స్క్ అయింది. అక్కడి జర్మన్ కుటుంబాలు ఇళ్ళు విడిచి పడమటికి తరలిపోవలసి వచ్చింది. ఆ ఊరి నుండి బెర్లిన్‌కు రాసే కార్డు నేడు విదేశీ తపాలా లెక్కలో, ఆయన వేయించిన దారిలోనే వెళుతుంది.