పరీక్ష తప్పిన కుర్రాడే.. ప్రాణదాత అయ్యాడు

పెదపాడు: పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున పల్లెల్లో కొన్ని ఇళ్లు మిఠాయిలతో కళకళలాడుతుంటే, మరికొన్ని ఇళ్ల తలుపులు మూసుకుపోతాయి. తప్పిన పిల్లలు నలుగురిలోకి రావడానికి జంకుతారు. ఇక చదువు తమ వల్ల కాదనే నిర్ణయానికి వచ్చేస్తారు. ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థుల చేత మింగించే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక అటువంటి ఒక విద్యార్థి జీవితమే ఉంది. ఆయన ఏ దూరదేశంలోనో పుట్టినవారు కాదు, గోదావరి డెల్టాలోని భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

కాశీ దారి నుంచి బడికి..
1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు సుబ్బారావు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఆయన అనారోగ్యం పాలవడంతో కుటుంబం ఇబ్బందుల్లో పడింది. చదువుపై మనసు నిలవని బాలుడు పదమూడో ఏట ఇల్లు విడిచి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరాడు. మధ్యలోనే పట్టుకుని ఇంటికి తీసుకువచ్చారు. వెంకమ్మ కుమారుడిని మళ్లీ బడికే పంపారు.

రాజమహేంద్రవరంలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. రెండుసార్లు తప్పారు. ఆ దశలో చదువు మాన్పించి ఏదో ఒక పనిలో పెట్టడం ఆ కుటుంబానికి తేలికైన మార్గం. తల్లి అందుకు అంగీకరించలేదు. నగలు అమ్మి మరీ చదివించారు. మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడో ప్రయత్నంలో సుబ్బారావు ఉత్తీర్ణులయ్యారు. తనపై తనకు నమ్మకం లేని వేళ తల్లి నమ్మకమే ఆయనను నిలబెట్టింది.

తక్కువ పట్టాతోనే ముందుకు..
మద్రాసు వైద్య కళాశాలలో చేరాక మరో ఎదురుదెబ్బ తగిలింది. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు మళ్లించింది. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన చేయూతతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. ఆ పనిని చిన్నతనంగా భావించలేదు.

1925లో రక్తంలో ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలుగులోకి తెచ్చారు. 1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. అనంతరం లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి నేతృత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పసిపిల్లల రక్త క్యాన్సర్‌పై తొలిసారి పనిచేసిన మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ సంస్థ నుంచే వచ్చాయి. బోదకాలు నివారణకు గోదావరి జిల్లాల్లో ఇంటింటా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ కృషి ఫలమే.

ఈ విజయాలకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఓడ ఎక్కిన తరువాత మళ్లీ స్వదేశానికి రాలేకపోయారు. భార్య శేషగిరిని తిరిగి చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట అమెరికాలోనే కన్నుమూశారు. జీవించి ఉండగా పేరు కోసం పాకులాడలేదు. అందువల్లనే ఆయన మందులు వాడిన కోట్లమందికి ఆయన పేరు తెలియలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలాబిళ్లను విడుదల చేసింది.

మూసిన తలుపు తట్టేవారుంటే..
సుబ్బారావుకు ప్రతిభ ఆలస్యంగా పుట్టలేదు. అది వెలికి రావడానికి మూడో అవకాశం అవసరమైంది. ఆ అవకాశం ఇచ్చినది చదువు విలువ ఎరిగిన ఒక తల్లి. మార్కుల జాబితా ఒక ఏడాది చదువునే కొలుస్తుంది, విద్యార్థి జీవితాన్ని కాదు. పెదపాడులోనైనా, కొల్లేటి లంక గ్రామాల్లోనైనా తప్పిన పిల్లవాడి ఇంటికి వెళ్లి, సప్లిమెంటరీ పరీక్ష రుసుము కట్టించి, తప్పిన సబ్జెక్టును పక్కన కూర్చుని చెప్పే ఉపాధ్యాయుడు ఒక్కరుంటే చాలు. మందలింపు కన్నా ఆ తోడే పిల్లల్లో ఆత్మవిశ్వాసాన్ని నింపుతుంది.