సూదంటురాయిని శోధించిన వైద్యుడు: విలియము గిల్బర్టు

ఇంగ్లాండు దేశమున కాల్చెస్టరు పట్టణమందు 1544వ సంవత్సరమున విలియము గిల్బర్టు జన్మించెను. కేంబ్రిడ్జిలోని సెయింటు జాన్సు కళాశాలయందు చదివి, 1569లో వైద్యశాస్త్రమున పట్టము పొంది, లండను నగరమున వైద్యవృత్తి నవలంబించెను. 1600లో అచ్చటి వైద్యుల కళాశాలకు అధ్యక్షుడయ్యెను. ఎలిజబెత్తు రాణికిని వైద్యుడుగా నుండెను. ఇంతమాత్రమే యైనచో ఆయనను గూర్చి మేమీ పత్రికయందు వ్రాయవలసిన పని లేకపోయెడిది. రోగులను చూచుకొనగా మిగిలిన కాలమును ధనమును ఆయన నల్లని రాతిముక్కలపై వెచ్చించెను. అదియే సూదంటురాయి. సూదులు దానికి అంటుకొనును గనుక తెలుగువారు దానికా పేరు పెట్టిరి. సంస్కృతమున అయస్కాంత మందురు.

ఆ కాలమున ఈ రాతిని గూర్చి పండితులు వ్రాసిన వింతలకు మేర లేదు. వెల్లుల్లి పూసినచో దాని శక్తి నశించుననియు, మేకరక్తముచే నా శక్తి తిరిగి వచ్చుననియు, వజ్రముతో రుద్దిన ఇనుము ఉత్తరమునకు తిరుగుననియు గ్రంథములయం దుండెను. ఒకరు వ్రాసినదానిని వేరొక రెత్తి వ్రాయుటయే గాని, వెల్లుల్లిపాయ తెచ్చి చూచినవారు అరుదు. గిల్బర్టు తెచ్చి చూచెను. రసము పట్టించినను రాయి ఇనుమును యథాప్రకారము లాగెను. వజ్రముల సంగతి తేల్చుటకై 75 వజ్రములను సంపాదించి, పలువురు సాక్షుల యెదుట వానితో ఇనుపకడ్డీలను తీగలను రుద్ది, బెండుముక్కలపై నుంచి నీటిలో తేలవిడిచెను. ఒక్కటియైనను వజ్రమువలన ఉత్తరమునకు తిరుగలేదు. మేమైతే రెండు మూడింటితోనే తృప్తిపడియుందుమని యొప్పుకొనుచున్నాము.

పండితుల మాటను ఇంతగా శంకించిన యీయన పనివాండ్ర మాటను తేలికగా చూడలేదు. రాబర్టు నార్మను అనునతడు లండనులో దిక్సూచులు చేయువాడు. సూదిని సరితూకముగా చేసి, పిమ్మట సూదంటురాతితో రుద్దగా, ఉత్తరపు కొన ప్రతిమారును క్రిందికి వంగుచుండెను. అతడా కొనను కొంచెము కత్తిరించి సరిచేయుచుండెడివాడు. ఒకనాడు మరీ పొట్టిగా కత్తిరించి మంచి సూదిని పాడుచేసికొని, కోపము వచ్చి, ఈ వంపేమో కనుగొనవలెనని పూనుకొనెను. లండనులో సూది 71 డిగ్రీల 50 నిమిషములు వంగునని కొలిచి, 1581లో చిన్న పుస్తకము ప్రకటించెను. గిల్బర్టు దానిని చదివి, ఆ వంపునకు కారణము వెదకెను.

అందుకై ఆయన సూదంటురాతిని బంతివలె గుండ్రముగా చేయించి, దానికి చిన్నభూమి యని యర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను. దానిపై చిన్న ఇనుపసూదిని అటునిటు జరిపి చూచెను. రెండు ధ్రువములకును సరిగా నడుమ సూది బల్లపరుపుగా పరుండెను. ధ్రువమువైపు జరుపుకొలది వంగెను. ధ్రువముపై నిట్టనిలువుగా నిలిచెను. నార్మను సూది లండనులో చేసినదియు నిదియే గదా! కావున భూమియే యొక గొప్ప అయస్కాంతమని గిల్బర్టు నిశ్చయించెను. అంతకుముందు కొందరు ఆకాశమందలి ధ్రువమును, మరికొందరు ఉత్తరదేశపు సూదంటు కొండలును దిక్సూచిని లాగుచున్నవని తలచుచుండిరి. మన తెలుగుదేశము భూమియొక్క అయస్కాంతపు నడిమిరేఖకు చేరువ నున్నందున, ఇచ్చట సూది లండనులోకంటె చాల తక్కువగా వంగును.

ఈ ఫలితములను ఆయన 1600లో డి మాగ్నెటె అను లాటిను గ్రంథముగా ప్రకటించెను. సూదంటురాతిని రెండుగా కోసినను ప్రతి ముక్కకును రెండేసి ధ్రువము లుండునని యందు చూపెను. ఈ పాఠము చెప్పిన మరునాడు మా తరగతిలో విరిగిన అయస్కాంతపు కడ్డీ యొకటి కనబడుట కద్దు. గిల్బర్టు చేసిన పనియు నట్టిదే గనుక ఆ బాలుని దండించుటకు మాకు మనసొప్పదు. కమ్మరి కాల్చిన ఇనుమును ఉత్తర దక్షిణములుగా నుంచి సమ్మెటతో కొట్టుచు చల్లార్చినచో అది కొంచెముగా అయస్కాంతమగుననియు, అయస్కాంతమును ఎఱ్ఱగా కాల్చినచో దాని శక్తి పోవుననియు వ్రాసెను. ఇనుములోని సూక్ష్మభాగములు చిన్న చిన్న అయస్కాంతములే. అవి యొక్క దిక్కునకు తీరినపుడు ఇనుమునకు శక్తి కలుగును. దాదాపు 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ తీరు చెదరిపోవునని నేడెరుగుదుము.

గిల్బర్టు తప్పులును చేసెను. భూమి తనచుట్టు తాను తిరుగుటకు అయస్కాంతశక్తియే కారణమని తలచెను. దిక్సూచి నిజమైన ఉత్తరమునుండి తొలగు కోణము ఒక్కొక్క తావున ఎన్నటికిని మారదనెను. లండను ప్రాంతమున 1580లో 11 డిగ్రీలకు పైగా నుండిన ఆ తొలగుట 1634 నాటికి 4 డిగ్రీలకు దిగినదని హెన్రీ గెల్లిబ్రాండు కొలిచి చూపెను. ఎఱ్ఱగా కాలిన అయస్కాంతము శక్తి కోల్పోవునని చూపిన గిల్బర్టునకు భూగర్భమం దెంత వేడి కలదో తెలియలేదు. అచ్చట గట్టి అయస్కాంతము నిలువజాలదు; కరగిన ఇనుము కదలుచుండుటవలన పుట్టు విద్యుత్ప్రవాహములే భూమికి ఆ శక్తి నిచ్చుచున్నవి.

ఎలిజబెత్తు రాణి 1603 మార్చిలో మరణించెను. గిల్బర్టును ఆ యేడు ముగియకముందే చనిపోయెను. జన్మస్థానమైన కాల్చెస్టరుననే ఆయనను పాతిపెట్టిరి. తన పుస్తకములను, పరికరములను, సేకరించిన ఖనిజములను ఆయన వైద్యుల కళాశాలకు వ్రాసియిచ్చెను. 1666లో లండను నగరము తగులబడినపుడు అవి దగ్ధమయ్యెను. డి మాగ్నెటె మాత్రము అప్పటికే పలుదేశములకు చేరియుండెను.