సస్యవైద్యుడు బట్లర్

గడ్డిలో మాగవేసిన మామిడిపండ్లపై నాలుగు దినాలలో నల్లమచ్చలు లేచి పండు కుళ్ళిపోవడం తెలుగు ఇళ్ళలో కొత్త కాదు. కాయ చెట్టున ఉండగానే తొక్కలో చేరి దాగిన శిలీంధ్రం, పండు మాగేవేళ విజృంభిస్తుంది. ఒక రకం త్వరగా లొంగిపోతుంది, మరొకటి తట్టుకొంటుంది. నిల్వలోని పండుకే కాదు, చేలోని పైరుకూ ఈ భేదం ఉంది. దానిని పట్టుకొని భారతదేశంలో సస్యరోగశాస్త్రానికి పునాది వేసినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్.

ఆయన 1874 ఆగస్టు 13న ఐర్లండులోని కిల్కీలో జన్మించాడు. 1898లో కార్క్ నగరంలో వైద్యపట్టా పొందినా, మనస్సు మొక్కల రోగాలవైపు మళ్ళింది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో కలకత్తా చేరి, అనంతరం బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాసంస్థలో శిలీంధ్రశాస్త్రజ్ఞుడయ్యాడు.

ఆ కాలంలో గోదావరి మండలంలో తాటిచెట్లకు మొవ్వుకుళ్ళు సోకింది. కల్లు, ముంజెలు, ఇంటికప్పు అన్నీ తాటివల్లనే దొరికే పేదలకు అది ప్రాణసంకటం. రోగకారకమైన సూక్ష్మజీవిని బట్లర్ గుర్తించి 1907లో నామకరణం చేశాడు. తెగులు సోకిన తలలను నరికి కాల్చడమే నాడు తోచిన ఉపాయం. చెట్టునే నమ్ముకొన్నవారికి అది ఎంత కఠినమైన చికిత్సో ఊహించవచ్చు! అదే సూక్ష్మజీవి నేడు గోదావరి తోటలలో కోకో కాయలను కుళ్ళబెడుతున్నది.

కంది విషయంలో ఆయన దృష్టి మరింత లోతుకు పోయింది. దుర్గి మొదలైన పల్నాటి మెట్టపొలాల రైతులకు ఎండుతెగులు పరిచితమే. పూత, కాయ దశలలో మొక్క నిలువునా వాడిపోతుంది. కాండం చీల్చి చూస్తే నల్లని చారలు కనిపిస్తాయి. నేలలో నివసించే శిలీంధ్రం వేరుగుండా చొరబడి నీటి నాళాలను మూసివేయడమే దీనికి కారణమని బట్లర్ నిరూపించి, 1910లో దానిని వర్ణించాడు. నేలనంతటినీ శుద్ధిచేయడం అసాధ్యం. కనుక తెగులు ముమ్మరంగా ఉన్న చేలో కూడా బ్రతికి నిలిచిన మొక్కలనుండి విత్తనం ఎన్నుకొనే మార్గాన్ని ఆయన 1908లోనే చర్చించాడు. మందులకన్న మొక్క స్వభావాన్నే నమ్మిన ఈ ఆలోచన ఆయన కృషిలో మిన్న.

1918లో ఆయన రచించిన సస్యరోగ గ్రంథం ఈ దేశ విద్యార్థులకు చిరకాలం ఆధారమైంది. 1920లో ఇంగ్లండు చేరి, క్యూలోని శిలీంధ్రశాస్త్ర సంస్థకు తొలి సంచాలకుడయ్యాడు. 1939లో సర్ బిరుదు పొంది, 1943 ఏప్రిల్ 4న మరణించాడు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎంపికచేసిన ఎండుతెగులును తట్టుకొనే కంది రకం 1986లో ‘మారుతి’ పేరుతో కర్ణాటకలో విడుదలైంది.