మన వేటను రాసిపెట్టిన హైమన్‌డార్ఫ్



ఎండలు ముదిరి మామిడికాయలు రాలే రోజులొస్తే మన్యంలో పండగల సందడి మొదలవుతుంది. విశాఖ మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండగ. గోదావరి మన్యంలో కోయలు, కొండరెడ్లు చేసుకునే భూమి పండగ. రెండింటిలోనూ వేట ఉంది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లడం, ఇటుకల పండగలో ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్లమీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించడం, ఏదైనా దొరికితే ఊరంతా పంచుకోవడం మీ తాతలు, అమ్మమ్మలు చెప్పే ఉంటారు. ఇలాంటి అడవి బతుకును మన పెద్దల మధ్య ఉండి, కళ్లారా చూసి, పుస్తకాలుగా రాసిన మనిషి హైమన్‌డార్ఫ్. ఆయన జీవితం మీరు తప్పక తెలుసుకోవాలి.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో పెద్ద కుటుంబంలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. 1936లో మన దేశం వచ్చి నాగా కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో బెట్టీ ఎలిజబెత్‌ను పెళ్లాడారు. 1939లో దంపతులిద్దరూ మళ్లీ ఇక్కడికి రాగానే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన దగ్గరున్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారికి ఆయన శత్రుదేశస్థుడయ్యారు. నిజాం రాజ్యం ఎల్లలు దాటకూడదన్న షరతుమీద ఆయన్ని ఉండనిచ్చారు. ఆ కట్టడి వల్లే ఆయన చెంచులు, కొండరెడ్లు, గోండుల దగ్గరికి చేరారు.

1940లో ఆయన నల్లమలలోని చెంచు పెంటలకు వెళ్లారు. అక్కడ ఆయన గమనించిన విషయాలు ఈనాటికీ మనకు పనికొస్తాయి. చెంచులంటే వేటగాళ్లని బయటివాళ్ల మాట. కానీ వాళ్ల రోజువారీ కడుపు నింపేది ఎక్కువగా గడ్డలు, దుంపలు, ఇప్పపూలు, అడవి పండ్లు. ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ అడవిలో తిరిగి వాటిని తవ్వి, ఏరి తెచ్చేవారు. వేట మాంసం ఎప్పుడో దొరికే భాగ్యం. విల్లంబుతో దుప్పిని కొట్టాలంటే గాలి వాలు చూసుకుని, అడుగు చప్పుడు లేకుండా, పూటల తరబడి ఓపిక పట్టాలి.

వేటకు బయల్దేరేముందు చెంచులు గరేల మైసమ్మకు మొక్కుకునేవారు. అడవి జంతువులన్నీ ఆ తల్లివేనని వాళ్ల నమ్మకం. జంతువు పడితే ఒక చిన్న ముక్క కోసి, నిప్పుమీద కాల్చి, ముందు ఆ తల్లికి పెట్టేవారు. పూర్వం మగ జంతువునే వేటాడేవారని, ఆడదాన్ని చంపడం పాపమని, పొరపాటున చంపితే తల్లిని క్షమించమని వేడుకునేవారని పెద్దలు చెప్పగా హైమన్‌డార్ఫ్ రాసుకున్నారు. పిల్లలను కనే జంతువును వదిలేస్తే అడవి ఖాళీ కాదు. ఈ లెక్క మన పెద్దలకు బడి లేకుండానే తెలుసు. పెద్ద జంతువు దొరికితే మాంసం కొట్టినవాడొక్కడిది కాదు, పెంటలో అందరి ఇళ్లకూ వాటా వెళ్లేది. వేటకు వెళ్లలేని ముసలివాళ్లూ ఆ రోజు పస్తు ఉండరు. తుపాకీ పట్టుకుని సరదాకు వచ్చే దొరల షికారులో ఈ మొక్కూ లేదు, ఈ వాటా లేదు.

చెంచుల కోసం అమ్రాబాద్ పీఠభూమిలో అడవిని ప్రత్యేకంగా కేటాయించాలని ఆయన చేసిన సిఫారసును నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది.

1941లో ఆ దంపతులు గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి వచ్చారు. నేనుంటున్న ఓడలరేవు దగ్గర గోదావరి వైనతేయ పాయ సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు పాపికొండల మధ్య నుంచి, కొండరెడ్ల ఊళ్లను తాకుతూ వస్తాయి. ఆ రోజుల్లో వాళ్లు కొట్టిన కలప, వెదురు కూడా ఇదే నదిమీద కిందికి తేలి వచ్చేవి. పోడు చేసుకుని, జీలుగు కల్లు తాగి, కరువు నెలల్లో మామిడి టెంకల జావతో గడుపుకునే మనుషులు కలప వ్యాపారుల అప్పుల్లో ఎలా చిక్కుకున్నారో ఆయన వివరంగా రాశారు. 1945లో వచ్చిన ఆ పుస్తకంలో బెట్టీ గారి శ్రమ కూడా ఉంది. ఆమె మానవశాస్త్రం కాలేజీలో చదువుకోలేదు. భర్త వెంట ఊరూరా తిరిగి ఆ పని నేర్చుకున్నారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక గోండుల గోడు ఏమిటో తెలుసుకునే పని ప్రభుత్వం ఈయనకు అప్పగించింది. దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్యే ఉన్నారు. అడవిని రిజర్వు చేసి, భూమిని బయటివాళ్ల పేర రాయడమే కష్టాలకు మూలమని ఆయన ప్రభుత్వానికి తేల్చి చెప్పారు. ఆయన కృషితో వేల ఎకరాలకు గిరిజనుల పేర పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి నాకు ఈ పని అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. పిల్లవాడి ఇంటి భాషలో మొదటి పాఠం చెప్పాలన్న సంగతి ఎనభై ఏళ్ల కిందటే ఆ ఊళ్లో అమలైంది.

తర్వాత ఆయన లండన్‌లో ఆచార్యులుగా పనిచేశారు, నేపాల్ షెర్పాల మీద రాశారు. ఎక్కడున్నా మార్లవాయిని మరువలేదు. 1987లో బెట్టీ గారు హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో మరణించారు. తర్వాత ఆయన చితాభస్మాన్ని కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ ఆ దంపతులను తలుచుకుంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక మాట దాచకుండా చెబుతాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని, కణితిని చంపడం జైలుకు పంపే నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, తేనె, వెదురు, ఆకుల వంటి అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది కానీ, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. అడవిని నరికి అమ్ముకున్నవాళ్లు వేరు, శిక్ష మనకా అని మీకు కోపం రావచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ కరెంటు తీగ, ఉచ్చు మన పెద్దల వేట కాదు. తీగకు ఆడదీ మగదీ తెలియదు, పశువూ మనిషీ తెలియదు. దానితో దొరికిన మాంసం సంతలో అమ్ముకోవడానికే తప్ప వాటాలకు రాదు. పండగ సెలవుల్లో అలాంటి పనికి వెళ్లి కేసులో ఇరుక్కుంటే మీ చదువు, ఉద్యోగం అన్నీ పోతాయి.

ఈసారి పండగకు ఇంటికి వెళ్లినప్పుడు విల్లు పట్టండి, గురిపోటీలు పెట్టుకోండి, ఆడండి, పాడండి. వండినదాంట్లో ముసలివాళ్ల వాటా ముందు తీసిపెట్టండి. తర్వాత తాత పక్కన కూర్చుని, వేటకు ముందు ఎవరికి మొక్కేవారు, వాటాలు ఎలా వేసేవారు అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎక్కడో వియన్నాలో పుట్టిన మనిషి మన పెద్దలను అడిగి రాశారు. మీకు ఆ భాష పుట్టుకతోనే వచ్చు.

— హాస్టల్ వార్డెన్, ఓడలరేవు