ఆ రాత్రి తట్టిన తలుపు

యాకోబు ప్రియభార్య రాహేలు బేత్లెహేము దారిలో బెన్యామీనును కని ప్రాణం విడిచింది. ఆదికాండంలోని ఆ సమాధి దగ్గర మనం ఎక్కువసేపు ఆగం. పురిటి మంచం మీద తల్లి ప్రాణం పోవడం ఎంతటి దుఃఖమో ఒక యువతికి ఒకే రాత్రిలో అర్థమైంది. ఆమే డాక్టర్ ఐడా స్కడర్.

1870లో రాణిపేటలో మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడాకు మిషనరీ జీవితం మీద ఇష్టం లేదు. అమెరికాలో చదువుకుంటూ, తల్లికి జబ్బు చేసిందని 1890లో తమిళనాట తిండివనానికి వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఐడా తండ్రి డాక్టరే. కాని పరాయి మగవాడు తమ ఆడవారిని ముట్టుకోవడానికి వారు ఒప్పుకోలేదు. ఐడాకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఆ రాత్రి ఐడా కన్నీటితో ప్రార్థించారు. అయితే ప్రార్థనతో ఆగిపోలేదు. అమెరికా వెళ్లి 1899లో వైద్యపట్టా పొంది, 1900లో తిరిగి వచ్చి వేలూరులో సేవ మొదలుపెట్టారు. 1902లో 40 పడకల ఆస్పత్రి వెలిసింది. తన రెండు చేతులే చాలవని గ్రహించి, 1909లో నర్సుల పాఠశాలను, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించారు. తెలుగువారెందరో వెళ్లే నేటి సీఎంసీ అలా ఎదిగిందే. 1960లో 89 ఏళ్ల వయసులో ఆమె ప్రభువు సన్నిధికి చేరారు.

ఆ తల్లులు చనిపోయింది వైద్యం లేక కాదు, అది గడప దాటి లోపలికి రాలేక. 2023లో కూడా ప్రపంచంలో సుమారు 2,60,000 మంది తల్లులు గర్భం, కాన్పు సంబంధిత కారణాలతో మరణించారు. అధిక రక్తస్రావం, రక్తపోటు, ఇన్ఫెక్షన్ వంటి ఈ కారణాల్లో చాలావాటిని సకాలంలో వైద్యం అందితే నివారించవచ్చు.

సంఘంలో గర్భిణుల కోసం మనం ప్రార్థిస్తాం. మంచిదే. ఆమెకు పరీక్షలు జరుగుతున్నాయా, రక్తహీనత ఉందా, అర్ధరాత్రి నొప్పులొస్తే బండి ఎవరిది, రక్తం ఇచ్చేదెవరు అని కూడా అడుగుదాం. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, రక్తస్రావం కనబడితే ప్రార్థన ముగిసేదాకా ఆగొద్దు. ఆస్పత్రికి తీసుకెళుతూ దారిలోనే ప్రార్థిద్దాం. అదీ దేవుడు వినే ప్రార్థనే.