సర్ రోనాల్డ్ రాస్

చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు మన పెద్దలు చెప్పుకొనిన మలేరియా చెడుగాలివలన కలుగునని పూర్వము జనులు నమ్ముచుండిరి. ఆ భ్రమను తొలగించిన మహనీయుడు రోనాల్డ్ రాస్.

ఆయన 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి ఆల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. కవిత్వ సంగీతములపై మక్కువ మెండుగా నున్నను, తండ్రి కోరికపై వైద్యము నభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమునందు మలేరియా క్రిమిని కనుగొనెను. అది ఒకరినుండి మరియొకరి కెట్లు చేరునో ఎవరికిని తెలియదు. దోమలకు దీనితో సంబంధము కలదని 1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు రాసునకు సూచించెను. మరుసటి యేడు రాస్ సికిందరాబాదు చేరి దోమలను కోసి పరీక్షింపసాగెను. చాలకాలము శ్రమ ఫలింపలేదు. ఆయన చూచిన దోమలలో హెచ్చుభాగము ఆ క్రిమిని మోయజాలని జాతివి. తుదకు 1897 ఆగస్టు 20న, రోగి రక్తము త్రాగిన చుక్కల రెక్కల దోమ కడుపుగోడయందు క్రిమి పెరుగుచుండుట కనిపించెను. అంతలోనే రాజపుతానాకు బదిలీ వచ్చి పని నిలిచిపోయెను. ఆయన నిరాశపడలేదు. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుతో వ్యాపించునని నిరూపించెను. ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమునను అట్లేయని స్థాపించిరి. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించెను.

1907లో ఆయన మారిషస్ దీవికి వెళ్లెను. ఆ దీవి కథ మనకు దగ్గరిది. యానాము చేరువనున్న కోరంగి రేవునుండి తెలుగు కూలీలు చెరకుతోటల పనికై అచ్చటికి ఓడలెక్కిరి. 1860 తరువాతి యేండ్లలో ఆ దీవిని మలేరియా మహమ్మారివలె చుట్టుముట్టి వేలకొలది జనులను బలిగొనెను. రోగి ఒక్కడే వచ్చిన రోగము వ్యాపింపదు, మోయు దోమయు ఉండవలెను; ఆ దోమ ఓడలమీదనే బయటినుండి చేరినదని రాస్ అభిప్రాయము. ఆయన వేలాది పిల్లల కడుపులలో బల్ల పెరిగినదేమో పరీక్షింపజేసి, ఏ యే చోట్ల రోగమెంతయున్నదో లెక్కగట్టెను. దోమలనన్నిటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్య ఒక హద్దునకు తగ్గిన రోగము తనంతట క్షీణించుననియు గణితముతో చూపెను. మురికిగుంటలు పూడ్చుట, నీరు పారుటకు కాలువలు త్రవ్వుట, రోగులకు క్వినైను ఇచ్చుట ఆయన చెప్పిన మార్గములు.

1932 సెప్టెంబరు 16న ఆయన లండనులో మరణించెను. 1973లో మారిషస్ మలేరియా లేని దేశముగా గుర్తింపు పొందెను. కాని 1975లో పెనుతుపాను పిదప రోగము తిరిగి తలయెత్తెను. మరల యేండ్ల తరబడి శ్రమించి దానిని అణచిరి. జ్వరము తగ్గిన ఊరు కావలి మానరాదనుటకు ఇదియే నిదర్శనము.

బాలబాలికలారా! దూరప్రయాణము చేసి వచ్చినవారికి చలితో జ్వరము వచ్చినచో వెంటనే రక్తపరీక్ష చేయింపుడని మీ ఇంట చెప్పుడు. ఇంటిచుట్టు నీరు నిలువనీయకుడు. రాస్ ఋణము మనము తీర్చుకొను విధమిదియే.