ఉద్వేగమును గెలిచిన భక్తి: తరిగొండ వెంగమాంబ

శోకము, క్రోధము, భయము మానవుని బుద్ధిని వశపరచుకొని అతని నిర్ణయములను నడపుచుండును. క్రోధము తుదకు బుద్ధినాశమునకు దారితీయునని శ్రీకృష్ణభగవానుడు గీత రెండవ అధ్యాయమున హెచ్చరించెను. ఐనను భావమెల్ల బంధహేతువు కాదు. భగవంతునియందు నిలిచిన భావము బుద్ధికి దీపమగును. ఇందులకు తరిగొండ వెంగమాంబ చరిత్రమే నిదర్శనము.

రామసముద్రము, పుంగనూరు, మదనపల్లెల సీమకు చేరువనే, గుర్రంకొండ సమీపమున తరిగొండ గ్రామము కలదు. లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఆ యూర 1730 ప్రాంతమున కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించెను. నాటి ఆచారము ననుసరించి బాల్యముననే వివాహము జరిగెను. అనతికాలముననే భర్త వేంకటాచలపతి పరమపదించెను.

వైధవ్యమునకు తగినట్లు కేశములను తీయింపవలెనని పెద్దలు నిర్బంధించిరి. శోకమునకు లోబడినచో ఆమె తలవంచియుండెడిది. క్రోధమునకు లోబడినచో ఊరిని తూలనాడియుండెడిది. ఆమె రెండును చేయలేదు. శ్రీనివాసుడే తన పతియని నమ్మి, సుమంగళీచిహ్నములను విడువక, శాంతముగా నిరాకరించెను. మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి సన్నిధిని పొందిన ఉపదేశము ఆ భావావేగమునకు గట్టువలె నిలిచెను. గట్టులేని వరద చేనును ముంచును. గట్టున్న నీరు పంటను పండించును.

నిందలు మితిమీరగా ఆమె తరిగొండను విడిచి తిరుమల చేరెను. అచటను ఇరుగుపొరుగువలన ఇక్కట్లు తప్పలేదనియు, కలహమునకు నిలువక తుంబురకోనకు పోయి తపమొనర్చెననియు సంప్రదాయకథనము. దీనిని పిరికితనమని కొంద రనవచ్చును. భయపడినవాడు తాను నమ్మినదానిని విడుచును. వెంగమాంబ ఊరిని విడిచెను గాని వ్రతమును విడువలేదు. తగవులకు వ్యయము కావలసిన కాలము వేంకటాచలమాహాత్మ్యము, ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము మున్నగు కావ్యములుగా పరిణమించెను.

1817వ సంవత్సరమున ఆమె తిరుమలలో సమాధినొందెను. నేటికిని స్వామివారి ఏకాంతసేవయందు ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. తిరుమలలో నిత్యము వేలాది యాత్రికులు భుజించు అన్నప్రసాదభవనము 2011 నుండి ఆమె పేరనే వెలయుచున్నది. నాడు నిందించినవారి కోపము వారితోనే పోయెను. ఆమె ప్రేమ మాత్రము అన్నమై, హారతియై నిలిచెను.

గృహమున కలత కలిగిన వేళ, ఈ మాటను పలికించుచున్నది కోపమా, ప్రేమయా యని భక్తులు క్షణకాలము విచారింతురు గాక. ఆ క్షణమే శ్రీనివాసుని కృపకు ద్వారము.